రక్షణ ఎవరికి? గ్రేట్ నికోబార్ అడుగుతున్న ప్రశ్న

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు. మా వాడలో పోర్టు బ్లెయిర్ అంటే ఎక్కడో ఉన్న దీవి కాదు, హైదరాబాదులాగే పని దొరికే చోటు. విశాఖ రేవులో ఓడెక్కితే మూడో రోజుకి దిగొచ్చు. మా చిన్నాన్న అలాగే వెళ్లాడు, తాపీ పనికి. అక్కడ జంగ్లీఘాట్ వైపు వెళితే చేపల బేరం తెలుగులోనే సాగుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష.

చిన్నాన్న కొడుకు అక్కడే పుట్టాడు, అక్కడే చదివాడు. ఇంటర్ అయ్యాక కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళితే ‘ఇక్కడ ఎస్సీ జాబితా అంటూ ఏదీ లేదు’ అన్నారు. కౌంటర్ వెనకున్న మనిషి అబద్ధం చెప్పలేదు. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు ఉంది, షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు లేదు. 2011 లెక్కల్లో ఆ దీవుల ఎస్సీ జనాభా సున్నా. విశాఖలో ఓడెక్కినప్పుడు మాల, మాదిగ, రెల్లి అయినవాడు పోర్టు బ్లెయిర్‌లో దిగేసరికి లెక్కల్లో ఎవరూ కాకుండా పోతాడు. కులం మాత్రం ఓడలో అతనితోపాటే వస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర, అద్దె ఇంటి దగ్గర అది ఎదురొస్తూనే ఉంటుంది.

గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు గురించి రాయబోతూ ఇంటి కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ ప్రాజెక్టు మీద మన పత్రికల్లో వచ్చే చర్చ రెండు వైపులా ఆగిపోతోంది. ఒక వైపు చైనా, మలక్కా జలసంధి, దేశ రక్షణ. మరో వైపు తాబేళ్లు, పగడపు దిబ్బలు, అడవి. రెండూ ముఖ్యమే. కానీ అక్కడి నుంచి ఎవరిని కదిలిస్తారు, అక్కడికి ఎవరిని తెస్తారు, వాళ్లకు ఏ హక్కులుంటాయి అనే ప్రశ్న రెండు వైపులా వినిపించడం లేదు. అది అంబేడ్కరైట్లు అడగాల్సిన ప్రశ్న.

ముందు లెక్కలు చూద్దాం. గ్రేట్ నికోబార్ సుమారు 910 చదరపు కిలోమీటర్ల దీవి. జనాభా దాదాపు 8 వేలు. అడవి లోపల షోంపెన్‌లు ఉంటారు. 2011లో వాళ్ల సంఖ్య 229. ప్రభుత్వం ‘ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహం’గా గుర్తించిన వేటగాళ్ల, సేకర్తల తెగ. తీరం వెంట నికోబారీలది మరో ఆదివాసీ సమాజం. వీళ్లు కాక, 1969 నుంచి ప్రభుత్వమే భూమి ఇచ్చి తెచ్చిన మాజీ సైనికుల కుటుంబాలున్నాయి. వాళ్లలో ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

నీతి ఆయోగ్ ఆలోచనతో మొదలైన ప్రాజెక్టు ఈ దీవిలో 166.10 చదరపు కిలోమీటర్లు తీసుకుంటుంది. గలాథియా బే దగ్గర కంటైనర్ ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు, పౌర విమానాలకూ సైన్యానికీ పనికొచ్చే విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ కడతారు. 2022 అక్టోబర్‌లో తొలి దశ అటవీ అనుమతి, నవంబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చాయి. మొదట చెప్పిన ఖర్చు 72 వేల కోట్లు. ముప్పై ఏళ్లలో జనాభా మూడున్నర లక్షలకు చేరుతుందని అంచనా.

ఇందులో రక్షణ వాటా ఎంత? విమానాశ్రయానికి కేటాయించింది 8.45 చదరపు కిలోమీటర్లు. పోర్టుకు 7.66. విద్యుత్ కేంద్రానికి 0.39. మిగిలిన 149.60 చదరపు కిలోమీటర్లు టౌన్‌షిప్‌కి. అంటే నూటికి తొంభై పాళ్లు నగరానికి, అయిదు పాళ్లు విమానాశ్రయానికి. దేశ రక్షణ కోసం అడవి ఇవ్వాలని మనల్ని అడుగుతున్నారు. ఇచ్చేదాంట్లో ఎక్కువ భాగం వెళ్తున్నది ఇళ్లకూ హోటళ్లకూ వ్యాపారానికీ.

ఆ దీవులకు సైనిక ప్రాముఖ్యం లేదని నేను అనడం లేదు. మలక్కా జలసంధి వైపు వెళ్లే ఓడలు గ్రేట్ నికోబార్‌కు దక్షిణంగా సిక్స్ డిగ్రీ చానల్ గుండా పోతాయి. అందుకే 2001లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ అక్కడ ఏర్పడింది. 2012 జూలైలో క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్ నౌకాదళ వైమానిక కేంద్రం మొదలైంది. అది ఇప్పటికే ఈ దీవి మీదే ఉంది. దాని రన్‌వే చాలకపోతే పెంచే విషయం విడిగా చర్చించవచ్చు. ఉపగ్రహాలు, డ్రోన్లు, దూరశ్రేణి నిఘా విమానాల కాలంలో సముద్రాన్ని కాపలా కాయడానికి మూడున్నర లక్షల మంది నగరం ఎందుకు అవసరమో చెప్పాల్సింది ప్రభుత్వం. పైగా రక్షణ నిపుణులే ఒప్పుకునే సంగతి ఒకటుంది: సైనిక స్థావరం చుట్టూ పెద్ద పౌర జనాభా ఉంటే యుద్ధ సమయంలో వాళ్లను కాపాడడం అదనపు భారం.

ఇక వాతావరణం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు దేశపు దక్షిణ కొస అయిన ఇందిరా పాయింట్ సుమారు 4.25 మీటర్లు కుంగిపోయింది. లైట్‌హౌస్ అడుగు సముద్రంలోకి వెళ్లింది. అదే రోజు కార్ నికోబార్‌లోని వైమానిక దళ స్థావరంలో సిబ్బంది, కుటుంబ సభ్యులు కలిపి వంద మందికి పైగా చనిపోయారు. సైన్యం దగ్గరున్న ఏ ఆయుధమూ ఆ పూట పనికి రాలేదు. భూకంపాల ప్రమాదం అత్యధికంగా ఉన్న మండలంలో, సముద్ర మట్టం పెరుగుతున్న కాలంలో, ఒకసారి కుంగిన నేల మీద నగరం కట్టి దానికి ‘సుస్థిర అభివృద్ధి’ అని పేరు పెడుతున్నారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం మళ్లిస్తారు. 9.64 లక్షల చెట్లు పోవచ్చని 2023లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. బదులుగా మొక్కలు నాటేది హర్యానాలో. షోంపెన్ తల్లి కేవడ పండు కోసం హర్యానా వెళ్లదు. కార్బన్ లెక్కల్లో చెట్టుకు చెట్టు చెల్లుబాటు కావచ్చు. బతుకులో కాదు.

ఇప్పుడు సమ్మతి సంగతి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. అడవి మళ్లించే ముందు ఆదివాసుల హక్కులు గుర్తించాలి, గ్రామసభ ఒప్పుకోవాలి. నియమగిరి కేసులో 2013లో సుప్రీంకోర్టు డోంగ్రియా కోంధుల గ్రామసభలకే నిర్ణయం వదిలిపెట్టింది. గ్రేట్ నికోబార్‌లో ఏం జరిగింది? 2022 ఆగస్టులో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి నిరభ్యంతర పత్రం ఇచ్చింది. నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకుంది. తాము సునామీకి ముందు బతికిన ఊళ్లు కూడా ప్రాజెక్టులోకి పోతాయని తమకు సరిగా చెప్పలేదన్నది వాళ్ల మాట. ఆ ఊళ్ల పేర్లు చింగెన్, కొకెయోన్, పులో పక్కా, పులో బాహా, ఇన్ హాయెంగ్ లోయ్. సునామీ తర్వాత వాళ్లను క్యాంప్‌బెల్ బే దగ్గరి రాజీవ్ నగర్ వంటి కాలనీలకు తెచ్చారు. ఇంటికి పంపమని వాళ్లు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఇక షోంపెన్‌లు ఏ గ్రామసభలో కూర్చుని, ఏ భాషలో విని, ఏ కాగితం మీద ఒప్పుకున్నారు?

2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అనుమతుల్లో జోక్యం చేసుకోకుండా ఒక ఉన్నత స్థాయి కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు పర్యావరణ శాఖ కార్యదర్శి. అనుమతి ఇచ్చిన శాఖే ఆ అనుమతిని పరిశీలించింది. ఆ నివేదికను గోప్యమన్నారు. ‘వ్యూహాత్మకం’ అనే మాట ఒకసారి పడితే సమాచార హక్కు తలుపు మూసుకుంటుంది. టౌన్‌షిప్ కూడా ఆ తలుపు వెనక్కే పోయింది. ఇదే ఈ ప్రాజెక్టులో అసలైన రక్షణ సాంకేతికత అనిపిస్తుంది నాకు: ఒక్క మాటతో చట్టాన్ని పక్కకు తప్పించడం.

హామీలు నమ్మమంటారు. ఆ దీవుల చరిత్రే దానికి జవాబు. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల కాలనీ పెట్టినప్పుడు గ్రేట్ అండమానీలు వేలల్లో ఉన్నారు. 1877లో తట్టు వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది. ఇప్పుడు మిగిలింది యాభై మందికి అటూఇటూ. జారవాల రిజర్వు గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డును ఆ మేరకు మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. బస్సులు తిరుగుతూనే వచ్చాయి. బయటి మనిషి దగ్గు కూడా ప్రాణం తీయగల 229 మంది పక్కన మూడున్నర లక్షల మందిని కూర్చోబెట్టి, ‘వాళ్లకేం కాదు’ అనడానికి ఎంత ధైర్యం కావాలి?

ఆ మూడున్నర లక్షల మంది ఎవరు? అడవి కొట్టేది, కాంక్రీటు మోసేది, మురుగు ఎత్తేది ఎవరు? దీనికీ చరిత్రలో జవాబుంది. 1918 నుంచి అండమాన్ అడవులు నరకడానికి ఛోటానాగపూర్ నుంచి ఉరావ్, ముండా, ఖరియా కూలీలను తెచ్చారు. వాళ్లను ‘రాంచీలు’ అన్నారు. జార్ఖండ్‌లో వాళ్ల బంధువులు షెడ్యూల్డ్ తెగలు. అండమాన్‌లో వాళ్ల పిల్లలకు ఆ గుర్తింపు లేదు. ఒక ఆదివాసీ చేత మరో ఆదివాసీ అడవిని నరికించి, నరికినవాడి పేరునూ జాబితాలోంచి తీసేశారు.

వలస వెళితే హోదా పోతుందన్న సూత్రానికి సుప్రీంకోర్టు 1990లో ముద్ర వేసిన కేసు మన తెనాలిలో పుట్టిన విద్యార్థిదే: మర్రి చంద్రశేఖరరావు కేసు. ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగకు చెందినవాడు బొంబాయి మెడికల్ కాలేజీలో ఆ హోదా కోరలేడని కోర్టు చెప్పింది. రేపు గ్రేట్ నికోబార్ పోర్టులో పనికి పోయే శ్రీకాకుళం, గంజాం, పురూలియా దళితుల పిల్లలకూ అదే గతి. కొత్త నగరంలో ఉద్యోగాలొస్తాయని చెప్పేవాళ్లు, ఆ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఎవరికి ఉంటుందో చెప్పడం లేదు. షోంపెన్‌ల అడవి, మా చిన్నాన్న కొడుకు సర్టిఫికెట్, రెండూ పోగొడుతున్నది ఒకే పాలనా పద్ధతి.

ఇదంతా దూరపు దీవి గోల అనుకునే తెలుగు విద్యార్థులకు రెండు పేర్లు గుర్తుచేస్తాను. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళ వీఎల్ఎఫ్ కేంద్రానికిచ్చి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన చేశారు. సముద్రమే లేని జిల్లాలో నౌకాదళం పేరు చెప్పగానే ప్రశ్నించినవాళ్లు దేశభక్తి నిరూపించుకోవాల్సి వచ్చింది. పోలవరం కింద మునిగే ఊళ్లలో కోయలు, కొండరెడ్లు ఉన్నారు. కొండరెడ్లు కూడా షోంపెన్‌ల లాగే ప్రత్యేకంగా బలహీనమైన సమూహమే. పేర్లు మారతాయి, కదిలేవాళ్లు మారరు.

అంబేడ్కర్ అభివృద్ధికి వ్యతిరేకి కాదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా దామోదర్ లోయ ప్రణాళికకు పునాది వేసినవాడు. అలాగని ఆయన రాసిన ప్రతి మాటనూ మోయనక్కర్లేదు. 1936 నాటి ‘కులనిర్మూలన’లో ఆదివాసులను అనాగరికులుగా చూసే భాష ఉంది. ఆ భాషే ఈరోజు ‘ప్రధాన స్రవంతి’ అనే పేరుతో ప్రభుత్వ నోట పలుకుతోంది. దాన్ని వదిలేసి ఆయన పద్ధతిని తీసుకోవాలి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరిక సారం ఇది: ఓటులో సమానత్వం ఇచ్చి బతుకులో అసమానత్వం ఉంచితే ప్రజాస్వామ్యం నిలవదు. 229 మంది ఓట్లు ఏ ఎన్నికనూ మార్చలేవు. అందుకే సంఖ్య మీద ఆధారపడని రక్షణలు రాజ్యాంగంలో రాసుకున్నాం.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. సైనిక అవసరాన్ని టౌన్‌షిప్ నుంచి విడదీయాలి. రహస్యం కాని ప్రతి నివేదికా బయటపెట్టాలి. నికోబారీలను వాళ్ల ఊళ్లకు వెళ్లనివ్వాలి, వాళ్లు వెనక్కి తీసుకున్న సమ్మతిని సమ్మతిగా చూపించడం ఆపాలి. షోంపెన్‌ల అడవి జోలికి పోకూడదు. ఆ దీవుల్లో తరతరాలుగా ఉంటున్న దళిత, ‘రాంచీ’ కుటుంబాలకు రాజ్యాంగపరమైన గుర్తింపు ఇవ్వాలి.

చివరి డిమాండ్ మొదటివాటికి పోటీ కాదు. ఈ దీవుల్లో మనవాళ్లకు హక్కులు రావడమంటే షోంపెన్‌ల నేల మీద వాటా అడగడం అని ఎవరైనా అర్థం చేసుకుంటే, రాంచీ కూలీ చేతిలో గొడ్డలి పెట్టిన దొర మళ్లీ గెలిచినట్టే. మా చిన్నాన్న కొడుక్కి పోర్టులో పని ఇప్పిస్తామని ఈమధ్య ఓ కాంట్రాక్టరు చెప్పాడట. ‘వెళ్లమంటావా అన్నయ్యా?’ అని ఫోన్లో అడిగాడు. వెళ్లొద్దని చెప్పడానికి నేనెవర్ని? వాడికి వేరే పని లేదు. ఆ ప్రశ్న వాడు నన్ను అడగాల్సి రావడమే ఈ ప్రాజెక్టు మీద నా అభ్యంతరం.