నాణెం చదవడం నేర్చుకుందాం



మన ఇళ్ళలో పాత నాణేలు తక్కువే. కారణం అందరికీ తెలిసిందే. నిజాం కాలంలో మన తాతముత్తాతల్లో చాలామందికి కూలి గింజల్లోనే కొలిచేవారు. వెట్టికి అదీ లేదు. అయినా నానమ్మ పెట్టెలో ఒకటో రెండో సిక్కాలు మిగిలి ఉంటాయి. ఇప్పుడు వాటి మీద మోసగాళ్ళ కన్ను పడింది. ‘పాత నాణెం ఉందా? లక్షలు మీవే’ అని సెల్‌ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి ఊళ్ళలో ఎంతోమంది ఆశపడుతున్నారు. ప్రగతి నగర్‌లో గది తీసుకుని పీజీ చదువుకుంటున్న మాకు ఊరి నుంచి ఫోన్లు వస్తున్నాయి. “చదువుకున్నోళ్ళు గదా, దీనికి ఎంతొస్తదో చెప్పుండ్రి” అంటున్నారు. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు ఈ ప్రశ్న మన దగ్గరికే వస్తుంది. దానికి సరైన జవాబు చెప్పడం మన బాధ్యత అని మా అభిప్రాయం.

పాతదైనంత మాత్రాన నాణేనికి ధర రాదు. లోహం, సంవత్సరం, టంకశాల గుర్తు, అరుగుదల అనే నాలుగూ చూడాలి. అవి ఎన్ని మిగిలాయి, ఎందరు కోరుతున్నారు అన్నదే చివరికి ధర తేలుస్తుంది.

నిజాం చార్మినార్ రూపాయినే తీసుకోండి. బరువు 11.178 గ్రాములు, అందులో వెండి సుమారు 82 శాతం. అంటే తొమ్మిది గ్రాములకు కాస్త పైన. చార్మినార్ ద్వారంలో ఉర్దూ అక్షరం ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్‌ది. దాని మీద 1330 అని ఉంటే ఏడు వందల ఏళ్ళ నాటిదని మురిసిపోవద్దు. అది హిజ్రీ సంవత్సరం, మన లెక్కలో 1912 ప్రాంతం. ఇక బ్రిటిష్ రూపాయిలో 1939 వరకు దాదాపు 92 శాతం వెండి ఉండేది. 1940 నుంచి సగానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి వట్టి నికెల్.

మన ప్రభుత్వ నాణేలపై సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా టంకశాలవి. చలామణిలో కోట్లకొద్దీ తిరిగే నాణేనికి లక్షలు ఎవరూ ఇవ్వరు.

ప్రూఫ్ సెట్ల సంగతి వేరు. వాటిని దాచుకునేవారి కోసమే, మెరుగుపెట్టిన అచ్చులతో కొడతారు. అద్దంలా మెరుస్తాయి. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి హైదరాబాద్ టంకశాల కొట్టిన వంద రూపాయల నాణెంలో సగం వెండి. పెట్టెను బట్టి నాలుగు వేల పైచిలుకు ధరకు అమ్మారు. అలాంటిది చేతికొస్తే పెట్టెలోంచి తీసి వేళ్ళతో ముట్టుకోకూడదు. ఇంట్లోని పాత సిక్కాను కూడా చింతపండుతో తోమకూడదు. తోమితే మెరుపు వస్తుంది, ధర పోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగకూడదు. మా మిత్రుడి నాన్న ఒక నాణెం అమ్మబోయి, మొదట రిజిస్ట్రేషన్ అని, తరువాత పన్ను అని ఫోన్లో అడిగినవాడికి కట్టారు. అది మిత్రుడి చెల్లెలి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బు. పాత నాణేల కొనుగోళ్ళతో తమకు సంబంధం లేదని, ఏ రుసుమూ అడగమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ప్రకటన మన పల్లెలకు చేరలేదు. చేర్చవలసింది మనమే. ఇప్పటికే మోసపోయినవారి చేత వెంటనే 1930కి ఫోన్ చేయించండి.

పొలంలో నాణేలు దొరికితే మాత్రం కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దాచిపెట్టి అమ్మితే కేసవుతుంది.

సైఫాబాద్ పాత టంకశాలను 2022లో మ్యూజియంగా తెరిచారు. హాస్టల్ పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాలని పూర్వ విద్యార్థులను కోరుతున్నాము. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నానమ్మ సిక్కాను అడిగి చూడండి. ఎవరి కాలానిది, బరువెంత, ఎవరి కష్టానికి వచ్చింది అన్నది ఆమెను అడిగి ఒక కాగితం మీద రాసి, దానితోపాటే పెట్టెలో ఉంచండి. అమ్మాలా వద్దా అన్నది ఆ తరువాత ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చుకుంటారు.