కారు కొన్నాక మా అమ్మ రైలెక్కడం మానేసింది

మొన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఓ వాదన నడిచింది. మా టీములో కొత్తగా చేరిన ఒకమ్మాయి తనకి డ్రైవింగ్ రాదనీ, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదనీ చెప్పింది. అంతే, అందరూ ఆ పిల్ల మీద పడ్డారు. "ఈ రోజుల్లో డ్రైవింగ్ రాకుండా ఇండిపెండెంట్ ఎలా అవుతావ్?" అని ఒకరు, "రేపు ఆన్‌సైట్ వెళ్తే కూరగాయలకి ఎవరి కాళ్ళు పట్టుకుంటావ్?" అని ఇంకొకరు. నేనూ తలూపాను. తలూపడంలో మనకి చాలా ఏళ్ళ అనుభవం ఉంది కదా, స్టేటస్ మీటింగుల పుణ్యమా అని :)

అదే రోజు రాత్రి కరణ్‌కోట నుంచి అమ్మ ఫోన్ చేసింది. సేడంలో మా పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదట.

"పోయి చూసొచ్చినవా మరి?" అన్నాను.

"లేదు బిడ్డా. నువ్వొచ్చినప్పుడు కార్ల పోదాం తీ."

నేను ఊరికి వెళ్ళేది ఇంకో మూడు వారాలకి. రిలీజు జరిగితే. జరక్కపోతే నాలుగు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం నేను దేనికి తలూపానో అప్పుడు అర్థమైంది.

తెలియని వాళ్ళ కోసం: కరణ్‌కోట తాండూరుకి ఓ పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వాళ్ళ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. 2016లో వికారాబాద్ జిల్లా అయ్యేదాకా మేం రంగారెడ్డి జిల్లా వాళ్ళం. హైదరాబాదు చుట్టూ ఉన్న జిల్లా పేరు చెప్తే "ఓ, సిటీయేనా" అనేవాళ్ళు. సిటీ ఎక్కడ, వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. మాకు చించోళి, సేడం దగ్గర. సగం చుట్టరికాలు అటే, కర్ణాటకలో. మా అమ్మ పుట్టిల్లు సేడం. మీ ఇళ్ళలో ఎక్కడైనా తాండూరు బండలు పరిచి ఉంటే, అవి మా వైపు నుంచి వచ్చినవే. రోడ్డు మీద బండల లారీలు, సిమెంటు లారీలు, వాటి వెనకాల దుమ్ము. అదీ మా ఊరి దారి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఏ బండీ నడపడం రాదు. నాన్న బండల పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాసేవాడు, సైకిల్ ఉండేది. అమ్మ మాత్రం తిరగని చోటు లేదు. నన్నూ అన్ననీ చెరో చేత్తో పట్టుకుని, తలమీద ఓ సంచి పెట్టుకుని, ఆటోలో పదిమందితో కలిసి తాండూరు, అక్కణ్ణుంచి వాడి ప్యాసింజర్ ఎక్కి సేడం. సికింద్రాబాద్-వాడి లైను 1874లో నిజాం కాలంలో వేసింది. మా అమ్మకి ఆ చరిత్రంతా తెలియదు కానీ, ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏది నవాంద్గిలో ఆగుతుందో, ఎక్కడ క్రాసింగ్ పడుతుందో అన్నీ నోటికి. కన్నడ బోర్డులు చదవలేదు, తెలుగే కూడబలుక్కుని చదివేది. అయినా ఏడాదికి ఆరేడుసార్లు పుట్టింటికి పోయొచ్చేది. నాన్నతో "ఎల్లుండి సేడం పోతున్న" అని చెప్పేది తప్ప, "పోవాల్నా" అని అడిగినట్టు నాకు గుర్తులేదు.

2014లో నేను కారు కొన్నాను. చిన్న కారే. హైదరాబాదులో ఓ డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజులు నేర్చుకున్నాను. పక్కన కూర్చున్న ఆయన కాళ్ళ కింద ఇంకో బ్రేకూ క్లచ్చూ ఉండేవి. అందుకని ఆ ఇరవై రోజులూ కారు నడిపింది నేనా ఆయనా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. ఎనిమిది అంకె వేసి లైసెన్సు తెచ్చుకున్నాను. కొత్త కారు ఊరికి తీసుకెళ్ళిన రోజు అమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, వీధంతా పేరుపేరునా పిలిచి చూపించింది. ఆ సంబరంలో ఒక విషయం ఎవరమూ గమనించలేదు. ఆ తర్వాత అమ్మ ఒంటరిగా రైలెక్కలేదు.

ఎందుకెక్కుతుంది? "కొడుకు కార్లో తిరుగుతుంటే తల్లి ఆటోల వేలాడుకుంట పోతున్నది" అని ఊళ్ళో అనరూ? నేను కూడా అన్నాను, "ఇంక ఆ జనరల్ బోగీల్లో తోపులాట నీకెందుకమ్మా, నేనున్నా కదా" అని. ప్రేమతోనే అన్నాను. కానీ నేనున్నది గచ్చిబౌలిలో. ఏడాదికి ఆరేడుసార్లు సేడం వెళ్ళే మనిషి ఒకటికి, రెండుకి వచ్చేసింది. కంటి డాక్టరు దగ్గరికి నేనొచ్చినప్పుడే. బ్యాంకుకి నేనొచ్చినప్పుడే. మోకాళ్ళ నొప్పులు తర్వాత మొదలయ్యాయి, వాటి మీద తోసేయడానికి లేదు.

మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అంతకుముందు ఆటో, బస్సు, ప్యాసింజరు, పక్కింటి వాళ్ళ ఎడ్లబండి దాకా నాలుగు దారులుండేవి, ఒకటి పోతే ఇంకోటి. నేను వాటన్నిటినీ తీసేసి, అన్నిటికీ ఒకే సర్వర్ పెట్టాను. ఆ సర్వర్ నేను. ఆఫీసులో ఎవడైనా ఇలాంటి డిజైన్ తెస్తే రివ్యూలో చీల్చి చెండాడేవాణ్ణి.

పోనీ నేనైనా స్వతంత్రుణ్ణి అయ్యానా అంటే, పెళ్ళిళ్ళ సీజన్లో వచ్చి చూడండి. పెళ్ళికూతుర్ని తేవడానికి నేను, పంతులుగారిని దింపడానికి నేను, అన్నాల టైముకి ఐసు తేవడానికీ నేనే. భోజనాల బంతిలో నేను ఎప్పుడూ చివరివాణ్ణి. కారున్నోడికి చుట్టాలెక్కువ!

ఇక మా వీధి చివర ఒక లారీ డ్రైవరుండేవాడు. బండలేసుకుని పుణె, షోలాపూర్, గోవా దాకా వెళ్ళొచ్చేవాడు. ఘాట్ రోడ్డులో రాత్రిపూట లోడు లారీని దించడమంటే ఏమిటో ఆయన చెప్తుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. డ్రైవింగ్ వస్తే స్వతంత్రం అనేది నిజమైతే మా ఊరు మొత్తంలో అందరికన్నా స్వతంత్రుడు ఆయనే అయ్యుండాలి. ఆయనేమో సొంత కొడుకు పెళ్ళికి రెండు రోజులు సెలవు కోసం లారీ ఓనరు ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్టీరింగు ఆయన చేతిలో, తాళం ఓనరు చేతిలో.

అలాగని డ్రైవింగ్ దండగ అని నేననడం లేదు. మా వదిన సంగతి చెప్పాలి. వదిన టీచరు. బడికి రెండు బస్సులు మారి వెళ్ళాలి, రెండోది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని రోజూ మా అన్న బండి మీద దింపేవాడు. దింపినందుకు రోజూ ఏదో ఒకటి అనేవాడు కూడా. "జల్ది రా", "ఇంతసేపు ఏం జేస్తున్నవ్", "మీటింగుంటే ముందు చెప్పొద్దా". వదిన ఓ ఎండాకాలం సెలవుల్లో స్కూటీ నేర్చుకుంది, మోచేతులు గీక్కుపోయినా వదల్లేదు. బండి తన పేరు మీదే, పెట్రోలు తన జీతంలోంచే. ఎలా ఉంది వదినా అంటే, "ఏం చెప్పాలె తమ్మీ, పొద్దుగాల మీ అన్న మొహం చూడకుంట పోతున్న, అదే సాలు" అని నవ్వింది. ఇది మాత్రం నిఖార్సయిన స్వతంత్రం, నేనొప్పుకుంటాను. సౌదీలో 2018 జూన్ దాకా ఆడవాళ్ళని స్టీరింగు పట్టనివ్వలేదంటే ఊరికే కాదు. దారి తెలిసిన మనిషిని కాపలా కాయడం కష్టమని వాళ్ళకి తెలుసు.

న్యూజెర్సీలో రెండేళ్ళున్నప్పుడు మా ఆవిడదీ అదే కథ. డిపెండెంట్ వీసా, పేరులోనే ఉంది డిపెండెన్సీ. ఉద్యోగం చేయకూడదు, అపార్టుమెంటు నుంచి పాల ప్యాకెట్‌కి వెళ్ళాలన్నా నేను ఆఫీసు నుంచి రావాలి. ఫుట్‌పాత్ కొంతదూరం వెళ్ళి గడ్డిలో మాయమైపోయేది. లైసెన్సు చేతికొచ్చిన రోజు తను ఒక్కతే లైబ్రరీకి వెళ్ళి మూడు గంటలు కూర్చుని వచ్చింది. ఏం చదివావంటే, "ఏమీ చదవలేదు, ఊరికే కూర్చున్నా" అంది. కానీ అదే రాష్ట్రంలో జెర్సీ సిటీలో ఉండే మా స్నేహితుడి భార్యకి ఇప్పటికీ డ్రైవింగ్ రాదు. ఇంటి ముందే రైలు, న్యూయార్కంతా తిరిగొస్తుంది. అంటే తేడా మనుషుల్లో లేదు, గుమ్మం ముందు ఏముందన్న దాంట్లో ఉంది.

ఇక్కడే లంచ్ టేబుల్ వాళ్ళతో నాకు పేచీ. ఇండిపెండెంట్ అంటే ఎవరి పర్మిషనూ, ఎవరి ఖాళీ టైమూ అక్కర్లేకుండా గుమ్మం దాటగలగడం. దానికి స్కూటీ ఒక దారి, రైలు ఇంకో దారి. వదినకి బస్సు సరిగ్గా లేదు కాబట్టి స్కూటీ కావాల్సొచ్చింది. అమ్మకి రైలుండేది, దాన్ని నా కారు మింగేసింది. ఇంట్లో ఒక్కడికే డ్రైవింగ్ వస్తే, ఆ ఒక్కడికి కొంచెం రెక్కలొచ్చి మిగతా అందరికీ కాళ్ళు పోయే అవకాశం ఉంది. ఈ లెక్క ఎవరూ వెయ్యరు. ఫీనిక్స్‌లో 2020 నుంచే డ్రైవర్ లేని ట్యాక్సీలు మామూలు జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. మనం ఇంత గొప్పగా చెప్పుకునే విద్య, రేపు మాన్యువల్ టెస్టింగ్ లాగా అయిపోవచ్చు కూడా. అప్పుడు ఎవరిని ఇండిపెండెంట్ అందాం?

2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ చేశారు. మా ఆఫీసు గ్రూపుల్లో దాని మీద ఎన్ని జోకులో. ట్యాక్సులు కట్టేది మనం, తిరిగేది వాళ్ళు అని. నేనూ ఒకటి రెండు ఫార్వర్డ్ చేసే ఉంటాను, దాచడమెందుకు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఊరికి ఫోన్ చేస్తే అమ్మ లేదు. మా వీధి ఆడవాళ్ళు ఆరుగురు కలిసి అనంతగిరి వెళ్ళారట, పద్మనాభస్వామి దర్శనానికి. ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకుని. నాకు ఎందుకో ఉక్రోషం వచ్చింది. "చెప్తే నేనే తీసుకపోయేటోణ్ణి గదమ్మా" అన్నాను.

"నీకు చెప్తే నువ్వొచ్చేదాక ఆగాలె గద రా" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున, తాండూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సుని చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది పోయారు. ఆదివారం ఇంటికొచ్చి సోమవారం కాలేజీకీ, పనులకీ తిరిగెళ్ళే జనం. ఆ బస్సు నాకు తెలుసు, చదువుకునేటప్పుడు అలాంటి సోమవారపు బస్సుల్లో ఎన్నిసార్లు కిటికీకి తలానించి నిద్రపోయానో. ఆ దారి వెడల్పు చేసే పని మర్రిచెట్ల కేసులతో ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉండేది. చెట్లు కొట్టొద్దన్న వాళ్ళని తప్పు పట్టలేను, రోడ్డు కావాలన్న వాళ్ళనీ పట్టలేను.

ఆ రోజే అమ్మకి ఫోన్ చేసి, ఇక బస్సెక్కొద్దు అని గట్టిగా చెప్పాను. సరే అంది. భయపడ్డ కొడుకు మాట కదా, వింది. కానీ నిజం చెప్పండి, నా కారు వెళ్ళేదీ అదే రోడ్డు మీద కాదూ? ఎదురుగా వచ్చే టిప్పర్లు అవే కదా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వాళ్ళే. అంటే నేను మెచ్చుకున్న వదిన స్కూటీ లాంటి బండ్లే. ఈ లెక్క తెలిసీ నేను బస్సునే ఎందుకు వద్దన్నాను? స్టీరింగు నా చేతిలో ఉంటే ఏమీ కాదని లోపలెక్కడో ఓ పిచ్చి ధీమా. డ్రైవింగ్ నేర్పేది ఎక్కువగా ఆ ధీమానేనేమో.

పెద్దమ్మ సంగతి చెప్పి ఆపేస్తాను. ఫోన్ వచ్చిన ఆ శనివారమే రిలీజు ఇంకొకరికి అప్పజెప్పి ఊరికి వెళ్ళాను. కారు తుడిచి పెట్టాను, సేడం పోదాం పద అన్నాను. అమ్మ సంచి సర్దుకుంటూ, "బండి ఎన్నింటికుందో నీ ఫోన్ల చూడు" అంది. నాకు ముందు అర్థం కాలేదు. ఏ బండి?

"రైలు రా. పెద్దమ్మ కాడ నాల్గు దినాలుంట. నీకేమో సోమవారం ఆఫీసుండె. నన్ను తాండూరు స్టేషన్ దాక దింపు, సాలు."

దింపాను. టికెట్ నేను తీస్తానంటే వద్దంది, కౌంటర్ దగ్గర తనే నిలబడింది.