పిట్టల లెక్కలో కూలీకి చోటేది?

మిరప కోత కూలి రేట్ల మీద మాట్లాడవలసిన చోట ఈ పిట్టల గోలేమిటని నరసరావుపేట, గురజాల వైపు మనవాళ్లు అడగవచ్చు. ఇది ఒక్క పిట్టల సంగతే కాదు. భూమి ఎవరి చేతిలో వున్నది, ఆ భూమిని ఎరిగినవాడెవడు, దాని మీద మాట చెల్లేదెవడికి అన్న పాత తగాదా ఇందులోనూ వున్నది.

మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ పాఠశాల వారు తమ లోయను 1991లో పక్షుల రక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. అది సర్కారు అడవి కాదు. కరువు సీమలో బోడిగుట్టల మీద ఏళ్ల తరబడి చెట్లు పెంచారు. అక్కడ రెండు వందల దాకా పక్షి జాతులు లెక్కకు వచ్చాయి. దక్షిణాదిన రాతిగుట్టల పొదల్లో మాత్రమే బతికే పసుపుగొంతు పిగిలిపిట్ట వాటిలో ఒకటి. మెచ్చుకోవలసిన పని.

పిట్టల సర్వే అంటే ఒకనాడు వచ్చి ఫొటోలు తీసుకుని పోవడం కాదు. తెల్లవారుజామున ఒకే దారిన నడవాలి. కంటికి కనబడినదీ, చెవికి వినబడినదీ ఎన్ని, ఎక్కడ, ఏ వేళ అని రాయాలి. ప్రతి కారులోనూ, ఏటేటా అదే దారిన అదే పని చేయాలి. అప్పుడే ఏ పిట్ట పెరిగిందో, ఏది తరిగిందో తేలుతుంది.

అయితే ఈ చదువు పుస్తకాల్లోనే వున్నదనుకుంటే పొరపాటు. 1900 తర్వాత కనబడలేదన్న కలివికోడి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర బయటపడింది. బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రజ్ఞులు వెదికారు. రాత్రిపూట దాన్ని పట్టి చూపింది మాత్రం పిట్టలు పట్టే పల్లె మనిషి. మన మాచర్ల గుట్టల్లో గొర్రెలు తోలేవాడికి కౌజు ఏ పొదలో పొదుగుతుందో తెలుసు. కలుపు తీసే ఆడకూలీకి తీతువు ఏ చెలకలో గుడ్లు పెట్టిందో తెలుసు. కంచె లోపల గూడు కట్టిన పిట్ట మేతకు వచ్చేది మన చేలోకే. మిరపకు మందు కొట్టిన తర్వాత పిట్టలు తగ్గాయా అన్నది వీళ్లనడగాలి.

ఇక చట్టం. వన్యప్రాణి రక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ, ప్రయివేటు భూమిని కూడా యజమాని ఇష్టంతో కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించే దారి తెరిచింది. 2022 సవరణ ప్రకారం అలాంటి భూమి కమిటీలో భూయజమాని, అటవీశాఖ ప్రతినిధి, పంచాయతీ లేక గిరిజన సమాజ ప్రతినిధి వుంటారు. ఆ బీట్లో మేపుకునే కాపరికి, పుల్లలేరుకునే కూలీకి కుర్చీ ఏదీ? పంచాయతీ పేరుతో వచ్చి కూర్చునేది ఎవరో పల్నాడు జనానికి వేరే చెప్పాలా?

రేపు మన వైపు కూడా ఏ ఆసామో తన రాతిబీడు పిట్టలకు వదులుతానంటే కాదనబోము. కాని సర్వేకు దారి చూపిన మనిషికి ఆ రోజు కూలి కట్టివ్వాలి. లెక్కను తెలుగులో రాసి గ్రామసభలో చదవాలి. కంచె వేయకముందే మేత సంగతి, పుల్లల సంగతి తేల్చాలి. కమిటీలో కూలీకి, కాపరికి చోటివ్వాలి.

పిట్టను లెక్కపెట్టేవారు, దాని పక్కనే బతికే మనిషిని లెక్కలోంచి తీసివేయడం చెల్లదు.