కొలత దాటుతున్న సరుకు

హజీరా వద్ద మొదలయ్యే 53వ నంబరు జాతీయ రహదారి సచిన్, పల్సాణా మీదుగా బార్డోలీ, వ్యారాల వైపు సాగుతుంది. ఉక్కు చుట్టలు, పలకలు, పైపులు, భారీ యంత్రభాగాలు మోసే ట్రైలర్లకు ఇది ప్రధాన మార్గం. సచిన్ పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు దిగి మోటారు సైకిళ్ల మీద ఇళ్లకు మళ్లే మగ్గం కార్మికులు కూడా ఈ లారీల మధ్య నుంచే పోవాలి. నేతపనిని నమ్ముకుని తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు. వాహనం అంచు దాటి వేలాడే సరుకు వల్ల పొంచి ఉన్న ముప్పును సూరత్ ఇప్పటికీ తగినంత తీవ్రంగా పరిగణించడం లేదు.

2021 జనవరి 18 అర్ధరాత్రి వేళ సూరత్ జిల్లా కోసంబా సమీపంలో, కిమ్–మాండ్వీ రోడ్డు పక్కన నిద్రిస్తున్న వలస కూలీల మీదికి ఒక లారీ దూసుకుపోయింది. 15 మంది మరణించారు. అత్యధికులు రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లావారు. పోలీసుల ప్రాథమిక కథనం ప్రకారం, ఎదురైన ట్రాక్టరు ట్రాలీకి ఇరువైపులా చెరకు గడలు బయటికి వేలాడుతున్నాయి. అవి తగిలి లారీ ముందు అద్దం పగిలింది. డ్రైవరుకు దారి కానరాక వాహనం అదుపు తప్పింది. ప్రతి ప్రమాదంలోనూ డ్రైవరు వేగాన్ని ప్రశ్నించడం మనకు అలవాటు. సరుకు ఎంత వెడల్పున పేర్చారో అడిగేవారు అరుదు.

అన్నిటికన్నా పెద్ద సరుకే అన్నిటికన్నా ప్రమాదకరమనుకోవడం పొరపాటు. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ అణు సంలీన కేంద్రానికి కావలసిన 3,850 టన్నుల క్రయోస్టాట్ (అతిశీతల కవచం) హజీరాలోని ఎల్ అండ్ టీ కర్మాగారంలోనే తయారైంది. దాన్ని 54 ఖండాలుగా విభజించి సముద్రమార్గాన పంపారు. ఐటర్‌కు చేరే భారీ సరుకుల కోసం అక్కడ 104 కిలోమీటర్ల రోడ్డును ముందుగానే సిద్ధం చేశారు. అసలు సరుకు ఇంకా రాకముందే, 2013 సెప్టెంబరులో, కాంక్రీటు దిమ్మలు పేర్చిన 800 టన్నుల వాహనాన్ని ఆ దారిలో నడిపి పరీక్షించారు. ఇంత జాగ్రత్త మనకు చేతకానిదేమీ కాదు. 2023లో సూరత్‌లో ఇదే 53వ నంబరు రహదారి మీదుగా బుల్లెట్ రైలు మార్గానికి 70 మీటర్ల ఉక్కు వంతెన నిలబెట్టారు. 673 టన్నుల ఆ నిర్మాణాన్ని ఉత్తరప్రదేశ్‌లోని హాపుడ్ నుంచి దాదాపు 700 భాగాలుగా ట్రైలర్ల మీద తెచ్చి ఇక్కడ కూర్చారు.

మహాభారానికి అనుమతి పత్రం ఉంటుంది, పైలట్ వాహనం ఉంటుంది, జనం దూరం జరుగుతారు. భయమంతా ఏ అనుమతీ అక్కర్లేదని ఎవరికి వారే తీర్మానించుకున్న మధ్యరకం సరుకుతోనే. ట్రాలీ దాటి రెండు మూరలు బయటికొచ్చిన చెరకు, లారీ వెనక సాగిన ఇనుప చువ్వలు, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ నుంచి క్యాబిన్ ఎత్తు మించి పేర్చుకుని కదిలే చీరల పార్సిళ్లు ఈ కోవలోవి. ఆ చీరల్లో కొన్ని మన ఊళ్ల దుకాణాలకే చేరతాయి కనుక ఈ పాపంలో మనకు వాటా లేదని చెప్పుకోలేం.

ఉక్కు చుట్టలది మరో రకం ప్రమాదం. ఒక్కో చుట్ట 20 టన్నులు తూగవచ్చు. రెండు వైపులా చెక్క దిమ్మలు దన్నుగా పెట్టి, మీదుగా గొలుసు వేసి బిగిస్తారు. రోడ్డు కుదుపులకు గొలుసు సడలుతుంది. కొంత దూరం పోయాక ఆపి మళ్లీ బిగించాలి. ట్రిప్పుకు ఇంతని కిరాయి కుదిరిన చోట ఆ ఆగడం డ్రైవరుకు నష్టం. బ్రేకు గట్టిగా పడితే చుట్ట ముందుకే దొర్లుతుంది, దానికి మొదట అడ్డొచ్చేది క్యాబిన్.

చట్టం లేక కాదు. బండి వెనక చువ్వలు బయటికి సాగే వెసులుబాటును 2014లోనే తొలగించారు. నేటికీ చువ్వల కొసకు ఎర్రగుడ్డ కట్టి బయలుదేరుతున్నారు. పగలు హెచ్చరికగా కనబడే ఆ గుడ్డ రాత్రి వెనక వచ్చేవారికి ఆనదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్, ప్రత్యేక అనుమతి లేకుండా సరుకు పక్కలకు గానీ, ముందు వెనకలకు గానీ, ఎత్తుకు గానీ పరిమితి దాటితే 20,000 రూపాయల జరిమానా విధిస్తోంది. సరుకు దింపే ఖర్చు అదనం. నడిపినవారితో పాటు నడిపించినవారిని, నడపనిచ్చినవారిని కూడా అది బాధ్యులను చేసింది. ఆచరణలో చలానా తరచు డ్రైవరు దగ్గరే ఆగిపోతోంది. సరుకు ఎక్కించిన గుత్తేదారు, గేటు తెరిచిన యాజమాన్యం ఆ కాగితంలో కనిపించరు.

వంతెనల స్థితి ఈ ఆందోళనను పెంచుతోంది. 2025 జూలై 9న వడోదర, ఆణంద్ జిల్లాల మధ్య మహీ నదిపై గంభీరా వంతెన కూలి కనీసం 20 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పతనాన్ని అతిభారానికి అంటగట్టనవసరం లేదు. ఏ వంతెన ఎంత మోయగలదో తెలియకుండా భారీ వాహనాలను పంపడం మాత్రం ఇక క్షంతవ్యం కాదు. రహదారుల నిర్వహణ యంత్రాంగం వంతెనల సామర్థ్యాన్ని, విద్యుత్ తీగల ఎత్తును కొలిచి ప్రజలకు తెలియజేయాలి. పోలీసు, రవాణా యంత్రాంగాలు తనిఖీని సరుకు ఎక్కించే చోటికి మార్చాలి.

చక్కెర మిల్లు గానీ ఉక్కు కర్మాగారం గానీ ప్రతి బండినీ కాటా మీద తూస్తుంది. డబ్బు తూకాన్ని బట్టే కనుక అందులో పొరపాటు జరగనివ్వదు. ఆ కాటా ఉన్న గేటుకే అనుమతించిన వెడల్పు, ఎత్తు మేరకు ఇనుప చట్రం నిలబెట్టడం వారికి పెద్ద ఖర్చు కాదు. చట్రంలో పట్టని బండికి తూకం వేయబోమని మిల్లులు చెబితే, గడలను పొలం గట్టు మీదే సర్దుకుని వస్తారు. పరిశ్రమలకు అనుమతులిచ్చే అధికారులు, చక్కెర సహకార సంఘాలను పర్యవేక్షించే అధికారులు దీపావళి తరువాత మొదలయ్యే క్రషింగ్ సీజన్‌లోపే దీన్ని తప్పనిసరి షరతుగా విధించాలి.