ఏడాదికి రెండు రోజుల బాటేనా?

గిరి ప్రదక్షిణ మార్గం మిగతా రోజుల్లో ఎవరిది?

శ్రీకాళహస్తి: సంక్రాంతి పండుగల్లో కనుమ నాడు ఒకసారి, మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల్లో ఆదిదంపతుల కల్యాణం ముగిశాక మరొకసారి జ్ఞానప్రసూనాంబ సమేత శ్రీకాళహస్తీశ్వరుడు కైలాసగిరులకు ప్రదక్షిణగా బయలుదేరుతారు. కనుమ నాటి ప్రదక్షిణ కొండల్లోని దేవతలను, మునులను తన కల్యాణానికి ఆహ్వానించడానికని, శివరాత్రి నాటిది వచ్చినవారికి వీడ్కోలు పలకడానికని భక్తుల విశ్వాసం. ఆ రెండు రోజులూ బాట పొడవునా చలివేంద్రాలు, అన్నదానాలు, మజ్జిగ పంపిణీ. మూడో రోజుకు పందిళ్లు విప్పేస్తారు. విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం కొండగాలికి దొర్లుతూ కొంతకాలం అక్కడే ఉంటాయి.

అయితే మిగతా రోజుల్లో ఈ మార్గం నిర్మానుష్యంగా ఉంటుందనుకుంటే పొరపాటే. ఈ విలేకరి పండుగా పబ్బమూ లేని ఒక ఉదయం ఆ దారిలో నడిచినపుడు ముందు ఎదురైనది మేకల మంద. దాని వెనుక కాపరి, ఆ వెనుక హారన్ మోగిస్తూ ఒక ద్విచక్ర వాహనం. చెప్పులు చేతపట్టుకుని మొక్కు తీర్చుకుంటున్న ఒక వృద్ధ దంపతులు, మధుమేహం ఉన్నందున వైద్యుడు నడవమన్నారని చెప్పిన ఒక విశ్రాంత ఉద్యోగి, సైకిళ్లపై ఇద్దరు పిల్లలు. పట్టణాల్లో లక్షలు వెచ్చించి ఉద్యానవనాలు కట్టి, నడకదారులు వేసి ప్రజలను రమ్మని పిలుస్తున్న కాలమిది. ఇక్కడ మాత్రం ఎవరూ పిలవకుండానే జనం వస్తున్నారు.

స్వర్ణముఖికి, కొండలకు నడుమ ఇరుక్కున్న పట్టణమిది. ఉత్తరవాహినిగా ప్రవహించే నది ఒకవైపు, కన్నప్ప కొండ, దుర్గమ్మ కొండ మరోవైపు ఉండగా విశాలమైన ఉద్యానవనానికి ఊరి నడుమ చోటు దొరకడం కష్టం. కన్నప్ప కొండ మెట్లు యువకులకు వ్యాయామమే గానీ మోకాళ్ల నొప్పులున్నవారికి కాదు. కొండల ఒడిలోని భరద్వాజ తీర్థం, వేయిలింగాల కోన వంటి చోట్లకు దారితీసే బాటలే ఊరికి మిగిలిన ఊపిరి. రాహుకేతు పూజలకు వచ్చే యాత్రికులు కొద్ది గంటల్లో పని ముగించుకుని తిరుపతి బస్సెక్కుతున్నారు. వారిలో ఎక్కువ మందికి ఈ కొండల సంగతే తెలియదు.

పట్టణ అడవుల పెంపకానికి కేంద్ర ప్రభుత్వం 2020లో నగరవన యోజన తెచ్చింది. పది హెక్టార్ల నుంచి యాభై హెక్టార్ల వరకు స్థలముంటే నగరవనంగా తీర్చిదిద్దడానికి హెక్టారుకు నాలుగు లక్షల రూపాయల చొప్పున సాయం ఇందులో ఉంది. పథకం మంచిదే. కానీ కంచె వేసి, గేటు పెట్టి, వేళలు నిర్ణయించే పద్ధతి గిరి ప్రదక్షిణ బాటకు అతకదు. కంచె పడితే మేకల కాపరికి దారి మూసుకుపోతుంది. తెల్లవారుజామున మొక్కు తీర్చుకునే భక్తుడు తాళం తీసేదాకా నిలబడాలి.

అలాగని మొత్తం తారు పోసి వెడల్పు చేస్తే సరిపోతుందా? ప్రదక్షిణ చేసేవారిలో చాలా మంది వట్టి కాళ్లతో నడుస్తారు. శివరాత్రి నాటికి ఈ ప్రాంతంలో ఎండ ముదురుతుంది. మధ్యాహ్నం తారు, సిమెంటు ఎలా కాలుతాయో నడిచినవారినే అడగాలి. పశువుల గిట్టలకూ మట్టే అనువు. సైకిలుకు, చక్రాల కుర్చీకి, అంబులెన్సుకు మాత్రం గట్టి నేల కావాలి. కనుక ఒకే బాటలో రెండు తలాలు ఉండాలి. ఒక పక్క గట్టి దారి, దాన్ని ఆనుకుని చెట్ల నీడన వెడల్పైన మట్టి దారి. మట్టి దారిలోకి మోటారు వాహనాలు రాకుండా అక్కడక్కడ రాతి కూసాలు నాటితే చాలు, మనిషీ మేకా వాటి సందుల్లోంచి పోగలవు.

పొరుగు రాష్ట్రం అనుభవం కళ్లముందే ఉంది. తిరువణ్ణామలైలో 14 కిలోమీటర్ల గిరివలం మార్గాన్ని విస్తరించడానికి చెట్లు కొట్టడంపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకోవలసి వచ్చింది. సింహాచలంలో ఆషాఢ పౌర్ణమి ముందు సాగే 32 కిలోమీటర్ల ప్రదక్షిణకు విశాఖ నగర రహదారులే శరణ్యం. కైలాసగిరుల చుట్టూ ఇంకా కొండ, చెట్టు మిగిలి ఉన్నాయి.

వానల లెక్క తప్పితే..

ఇక్కడ మరమ్మతుల తీరును వానల క్రమంతో కలిపి చూడాలి. శ్రీకాళహస్తి వైపు ఈశాన్య రుతుపవనాలే ప్రధానం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కొండ వాగులు పొంగి మట్టి దారులను కోసేస్తాయి. 2015, 2021 నవంబరు నెలల్లో స్వర్ణముఖి ఎలా ఉరికిందో ఊరికి గుర్తే. ఆ కోతల తర్వాత నెల తిరగకుండానే కనుమ వస్తుంది. దాంతో హడావుడిగా కంకర, మట్టి పోసి చదును చేస్తే మళ్లీ వానకు అది వాగు పాలే. నీరు దాటే ప్రతి చోటా తూము కట్టనంత కాలం ఈ ఖర్చు ఏటా తప్పదు.

మొక్కల విషయంలోనూ ఇదే లెక్క. జులైలో వనమహోత్సవం పేరిట నాటే మొక్క వాన కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. సెప్టెంబరు చివర నాటితే మూడు నెలల తడి దొరుకుతుంది. వేప, కానుగ, చింత, రావి వంటివి ఈ నేలకు పరాయివి కావు. మేకలు తిరిగే దారి గనుక మొదటి మూడేళ్లు ముళ్లకంప రక్షణ తప్పనిసరి. కాపరులకే కొంత కూలి ఇచ్చి కాపలా అప్పగిస్తే వివాదమూ ఉండదు.

అసలు చిక్కు బాధ్యత దగ్గరే. ఉత్సవం దేవస్థానానిది. ఊరి అంచు పురపాలక సంఘానిది. అవతల గ్రామ పంచాయతీలు, కొండల్లో అటవీ శాఖ. అటవీ భూమిలో అటవీయేతర పనులు చేపట్టాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. పండుగకు ముందు అధికారులంతా ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. పండుగ తర్వాత చెత్త ఎవరు ఎత్తాలి, దీపాలు ఎవరు వెలిగించాలి, చీకటి పడ్డాక ఒంటరిగా నడిచే మహిళకు భద్రత ఎవరిది అన్న వాటికి ఆ సమావేశంలోనే, ఏడాది పొడవుకూ, శాఖ పేరు రాసుకోవాలి.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కార్యాలయం ఊరికి దగ్గరైంది. కనుమ ఏర్పాట్ల సమీక్షను జనవరిలో కాక సెప్టెంబరులోనే జరిపితే తూములకు, మొక్కలకు వేళ మించదు.