బెల్లి లలిత పాట ఎక్కడ?

ఎగువన వానలు గట్టిగా పడితే చాలు, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తుంది. శంషాబాద్ వైపు పోయేవాళ్లు కాసేపు ఆగి ఆ నీళ్లు చూసి పోతారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, మళ్లీ ఆ గతి పట్టకూడదని మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టించారు. హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. ఆ తర్వాత పట్నంలో తరాలకు తరాలు ఈ నీళ్లు తాగే పెరిగాయి. గేట్లు దాటిన ఈసీ బాపూఘాట్ దగ్గర మూసీలో కలుస్తుంది. అక్కణ్నుంచి పట్నం తన మురుగంతా ఆ ఏట్లోకి వదులుతుంది. మంచినీళ్లు మనం ఉంచుకుని, మురికినీళ్లు దిగువకు పంపిస్తాం. ఆ దిగువనే భువనగిరి ఉంది, వలిగొండ ఉంది, ఆత్మకూరు ఉంది.

ఆ ఆత్మకూరు మండలం నాంచారిపేటలో 1974లో ఒక కురుమ ఇంట బెల్లి లలిత పుట్టింది. తండ్రి ఒగ్గుకథ చెప్పేవాడు. డోలు, తాళం, ఒగ్గు పట్టుకుని మల్లన్న కథో బీరప్ప కథో తెల్లవార్లూ చెప్పే విద్య అది. ఆనవాయితీగా ఒగ్గు పట్టేది మగవాళ్లే, కథలో ఆడవేషం కట్టేదీ మగవాళ్లే. ఆ ఇంటి ఆడబిడ్డకు వేదిక దక్కలేదు కానీ గొంతు దక్కింది. పొట్టకూటికి ఆమె భువనగిరిలో నూలు మిల్లు కూలీ అయింది. పత్తి దుమ్ములో, యంత్రాల రొదలో పని. అక్కడి కూలీల కష్టమే ఆమెను పాట దగ్గరికి నడిపించింది.

భువనగిరి కూడా కలిసి ఉన్న అప్పటి నల్లగొండ జిల్లా ఎలాంటిదో ఈ తరానికి చెప్పాలి. తాగే నీళ్లలో ఫ్లోరైడు. పళ్లు గారపట్టి, నడుములు వంగి, కాళ్లు వంకర్లు తిరిగిన మనుషులు ఊరూరా ఉండేవారు. ఈ గోస ఢిల్లీకి తెలియాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. మరుసటి ఏడు మార్చిలో భువనగిరిలో పెద్ద తెలంగాణ సభ జరిగింది. అక్కడ రాజుకున్న కదలికలోంచి వచ్చిన తెలంగాణ కళాసమితిలో లలిత ముందు వరసలో నిలబడింది. కాళ్లకు గజ్జె, భుజాన గొంగడి, చేతిలో డప్పు అంటూ ఉద్యమ కళాకారుడి బొమ్మ ఒకటి మన మనసుల్లో ముద్రపడిపోయింది. ఆ బొమ్మలో ఎప్పుడూ మగవాడే ఉంటాడు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం అనే ఆటపాటల వేదికలు రాకముందే ఒక మిల్లు కూలీ, ఒక ఆడమనిషి, కరువు గురించీ నీళ్ల గురించీ తెలంగాణ గురించీ గొంతెత్తి పాడిందన్న సంగతి ఆ బొమ్మలో ఇమడలేదు.

1999 మే నెలాఖరులో ఆమెను చంపేశారు. దేహాన్ని 17 ముక్కలు చేశారు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు.

లలిత గురించి ఎవరు మాట్లాడినా ఆ అంకె దగ్గరే మొదలుపెడతారు, ఆ అంకె దగ్గరే ఆపేస్తారు. ఆ ఘోరాన్ని మరవకూడదు, నిజమే. కానీ ఆమెను చంపిన తీరు గురించి రాసిన దాంట్లో పదోవంతైనా ఆమె పాడిన తీరు గురించి రాయలేదు. ఏ వరసలు కట్టింది, తండ్రి ఒగ్గుకథలోంచి ఏ దరువు తెచ్చుకుంది, పల్లవి ఎక్కడ సాగదీసేది, జనం చేత ఎక్కడ కోరస్ ఇప్పించేది? కళాకారిణి గురించి మొదట అడగాల్సిన ప్రశ్నలు ఇవి. పాట ఆపడానికే చంపారు కదా. పాటను పక్కన పెట్టి చావునే తలచుకుంటూ పోతే వాళ్ల పని మనమే పూర్తి చేసినట్టవుతుంది.

చావు సంగతి తెలియకపోయినా పాట మిగిలిన కథ ఒకటి ఉంది. అమెరికాలో పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లజాతి వాళ్ల దుఃఖంలోంచి బ్లూస్ పాట పుట్టింది. ఆ పాట పాడినవాళ్లలో గీషీ వైలీ అనే ఆమె ఉంది. 1930లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రాఫ్టన్‌లో తోటి గాయని ఎల్వీ థామస్‌తో కలిసి పాటలు రికార్డు చేసింది. అప్పుడు ఆర్థిక మాంద్యం, రికార్డులు అమ్ముడుపోలేదు. వాటిని వేసిన కంపెనీ మూతపడింది. ఈ రోజు ఆమె రికార్డుల అసలు ప్రతులు పట్టుమని పది కూడా మిగల్లేదు. ఆమె ఎక్కడ చనిపోయిందో, ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. అయినా గొంతు మిగిలింది. గీతలు పడ్డ ఆ రికార్డుల్లోంచి ఆ గొంతును పట్టుకుని, బరబర చప్పుడు తగ్గించి, ప్రపంచమంతా వినేలా చేశారు పాటంటే ప్రాణమిచ్చేవాళ్లు. లలిత విషయంలో మన దగ్గర జరిగింది తలకిందులు. చావు వివరాలన్నీ మనకు తెలుసు. గొంతే చేజారిపోతోంది.

1990ల నాటి సభలను జనం టేప్ రికార్డర్లలో పట్టుకునేవారు. ఆ కాసెట్లు ఇప్పటికీ ఏ అటక మీదో, ఏ ట్రంకుపెట్టెలోనో ఉండే ఉంటాయి. కాసెట్టు చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ లోపల గోధుమరంగు రిబ్బను మీద తెల్లటి బూజు పడుతుంది, పూత రాలుతుంది, పొరలు అతుక్కుపోతాయి. ఒత్తుడు స్పాంజి ఊడిపోయి ఉంటుంది. దాన్ని అలాగే పాత టేప్ రికార్డర్‌లో వేస్తే రిబ్బను చుట్టుకుని తెగిపోతుంది. శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం తెలిసినవాళ్లు చేయాల్సిన పని. ఇంకో పదేళ్లు ఆగితే వాళ్లకూ సాధ్యం కాకపోవచ్చు. ఆమె పక్కన నిలబడి కోరస్ ఇచ్చినవాళ్లు ఇప్పుడు యాభై, అరవై ఏళ్లవాళ్లు. వరసలు వాళ్ల నోట ఇంకా ఉన్నాయి.

తెలంగాణ సాంస్కృతిక సారథి ఉంది. భాషా సాంస్కృతిక శాఖ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఈ మూడు సంస్థలూ కలిసి భువనగిరిలో నెల రోజులు కూర్చుంటే ఆ కాసెట్లు సేకరించవచ్చు, ఆ వరసలు మళ్లీ పాడించి రికార్డు చేయవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. రాష్ట్రం వచ్చి దశాబ్దం దాటింది, ఇంకా ఆలస్యం తగదు. పాఠకులకూ ఒక మనవి: ఆ రోజుల సభల కాసెట్టు మీ ఇంట్లో ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. ఆడించి చూడాలనీ అనుకోకండి. పైన పేరు, ఊరు, ఏడాది రాసి జాగ్రత్త చేయండి.