గుర్రం రాజుదేనా?

మా బడిలో ఐదో తరగతి పిల్లల్ని ఒకరోజు అడిగాను, "గుర్రం ఎవరిది?" అని. తరగతంతా ఒక్క గొంతుతో "రాజుది సార్" అన్నది. తప్పు పిల్లలది కాదు. ఓరుగల్లు ప్రాంతంలో పుట్టిన పిల్లలకు గుర్రమంటే రుద్రమదేవి ఎక్కిన గుర్రమే. 1310లో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫర్‌తో సంధి చేసుకొని ఏనుగులతోపాటు వేల గుర్రాలు అప్పగించాడని మనమే పాఠం చెప్తాం. మేడారం కథ చెప్పుకున్నా అంతే. గుర్రాలన్నీ పన్ను కోసం దండెత్తి వచ్చినోళ్ల దిక్కే ఉంటాయి. మన తల్లుల చేతిలో, మన బిడ్డల చేతిలో విల్లంబులే ఉంటాయి.

మరి కొండ ఎక్కి ఉప్పు మోసిన గుర్రం సంగతేంది? దాని మీద ఏ రాజూ ఎక్కలేదు. అందుకే దానికి పాఠమూ లేదు, విగ్రహమూ లేదు.

తూర్పు కనుమల్లో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు ఏజెన్సీలో ఆ గుర్రం ఇంకా బతికే ఉంది. పొట్టి కాళ్లు, గట్టి గిట్టలు, బక్కగా కనిపించే ఒళ్లు. తట్టు గుర్రం అంటారు. బగత, కొండదొర, కోందు ఊళ్ల నుంచి కాఫీ, మిరియాలు, పసుపు సంతకు దించేది అదే. గిరిజన సహకార సంస్థ డిపో నుంచి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు కొండ మీదికి ఎక్కించిందీ అదే. 1956లో ఆ సంస్థ పుట్టింది. డిపో దాకా సరుకు లారీలో వచ్చింది. డిపో దాటినాక ఊరి దాకా మోసింది మాత్రం మన మనిషి వీపు, మన తట్టు వీపు. ఈ రెండో సగం చరిత్రను ఎవరూ రాయలేదు.

ఇప్పుడు ఆ గుర్రం రెండు రకాల మనుషుల మధ్య నలుగుతోంది. ఆ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

మొదటివాళ్లు గుర్రాన్ని సాకుగా వాడుకునేవాళ్లు. గుర్రమెక్కి బడికి పోయే పంతులు ఫొటో, గుర్రం మీద ఎన్నికల సామాను ఫొటో పత్రికలో వస్తుంది. "ఆహా, ఎంత అంకితభావం" అని మెచ్చుకుంటారు. రోడ్డు ఎందుకు లేదని ఎవరూ అడగరు. అదే కొండ మీద నొప్పులు పడుతున్న ఆడబిడ్డను డోలీలో మోసుకొస్తారు. నిండు గర్భిణిని గుర్రం మీద ఎక్కించలేం కదా! అడిగితే అటవీ చట్టం అడ్డమంటారు. సాటి ఉపాధ్యాయులారా, 2006 అటవీ హక్కుల చట్టం తెరిచి సెక్షన్ 3(2) చదవండి. బడికి, దవాఖానకు, రోడ్డుకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చని అందులోనే ఉంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అంతే. కాబట్టి చట్టాన్ని చూపించి తప్పించుకోనివ్వకండి. రోడ్డు మన హక్కు. గుర్రం దానికి బదులు కాదు.

రెండోవాళ్లు మనవాళ్లే. చదువుకున్న మన పిల్లలు. "గుర్రాలు, డోలీలు అని ఇంకా ఎన్నాళ్లు చెప్పుకుంటాం సార్, నామోషీ" అంటారు. వాళ్ల బాధ నాకు తెలుసు. వెనకబాటుకు గుర్తుగా చూపించిన ప్రతిదాన్నీ వదిలించుకోవాలనిపిస్తుంది. నాకూ ట్రైనింగ్ చదివే రోజుల్లో అట్లనే అనిపించేది. కానీ ఒక్కటి అడుగుతాను. మోయించుకోవడం, సవారీ చేయడం పట్నంలో షోకు అయినప్పుడు, సాకడం తెలిసిన మన తాతకు నామోషీ ఎట్లయింది?

కొన్నేళ్ల కింద పాడేరు దిక్కు పోయినప్పుడు ఒక తాతతో అర్ధపూట కూర్చున్నాను. ఆయనకు రెండు తట్లు. నేను అడిగిన మొదటి ప్రశ్న ఎంత బరువు మోస్తుందని. ఆయన నవ్వి, "మాస్టారూ, అందరూ అదే అడుగుతారు. ఏం తింటాదని ఎవరూ అడగరు" అన్నాడు. సిగ్గేసింది. ఆ తర్వాత ఆయన చెప్తూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను.

గుర్రానికి ఒక్కసారే కడుపునిండా పెట్టొద్దు, కొంచెం కొంచెంగా పలుమార్లు మేపాలి. ఉలవలు నానబెట్టే పెట్టాలి. బూజు పట్టిన దాణా తాకనీయొద్దు. గంత వేసే ముందు వీపు మీద అరచేత్తో రాసి చూడాలి, చిన్న గింజంత ముల్లు ఉన్నా సాయంత్రానికి పుండు అవుతుంది. బరువు రెండు పక్కలా సమానంగా తూగాలి. దిగినాక నాలుగు గిట్టలూ ఎత్తి రాళ్లు తీయాలి. వానాకాలం జోరీగలు ముసిరితే కొట్టం దగ్గర పొగ వేయాలి.

ఇందులో ఒక్క మాట కూడా వట్టిది కాదు. గుర్రం ఆవులా నెమరు వేయదు. దాని పొట్ట ఒంటికి తగ్గట్టు చిన్నది, వాంతి చేసుకునే వీలు దానికి లేదు. అందుకే తిండి తేడా వస్తే కడుపునొప్పితో ప్రాణమే పోతుంది. జోరీగల వల్ల సర్రా జబ్బు అంటుకుంటుంది. గిట్టలో గుచ్చుకున్న మేకు నుంచి ధనుర్వాతం వస్తుంది, ఆ జబ్బుకు గుర్రం తొందరగా లొంగిపోతుంది. తాత చెప్పింది పశువైద్య పుస్తకంలో ఉన్నదే. తేడా ఒక్కటే, పుస్తకం రాసినాయనకు డిగ్రీ ఉంది, తాతకు లేదు.

మనవాళ్లూ తప్పు చేస్తారు, దాచొద్దు. మూటలు మోసే పశువులపై 1965లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం తట్టు మీద 70 కిలోలకు మించి వేయకూడదు. అంటే రెండు అంత్యోదయ కుటుంబాల బియ్యం, 35 కిలోల చొప్పున. కానీ షావుకారు తొందర పెడితే 50 కిలోల బస్తాలు రెండు వేసి కొండ ఎక్కించేవాళ్లు ఉన్నారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. దాణాకు తక్కువ చేసి బరువుకు ఎక్కువ చేస్తే అది మన పెద్దల పద్ధతి కాదు, షావుకారు పద్ధతి.

ఇంకో మాట వినిపిస్తుంది, "అది ఒక జాతేనా? ఊరి గుర్రం" అని. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన జాబితాలో మార్వారీ, కాథియావారీ ఉన్నాయి. కొండల గుర్రాలు స్పితి, జాన్‌స్కారీ, భూటియా, మణిపురీ ఉన్నాయి. కచ్ఛీ-సింధీ, దక్కను భీమ్‌థడీ తర్వాత చేరాయి. మన తూర్పు కనుమల తట్టు పేరు అందులో లేదు. కొలిచి, లెక్కబెట్టి, రాసి అడిగినోళ్ల గుర్రాలు ఆ జాబితాకు ఎక్కాయి. మణిపూర్‌లో తమ పోనీ పోతోందని జనం గోల పెట్టారు, 2016లో ఆ ప్రభుత్వం దాన్ని కాపాడేందుకు ఒక విధానమే తెచ్చింది. మన తట్టు వేరే జాతి అని నేను తీర్పు చెప్పడం లేదు. కొలవకుండా కాదనే హక్కు ఎవరికీ లేదంటున్నాను.

టైం మాత్రం లేదు. 2012 నుంచి 2019 మధ్య దేశంలో గుర్రాలు, తట్లు 6 లక్షల పైచిలుకు నుంచి 3.4 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో దాదాపు సగం. రోడ్డు పడిన ప్రతి ఊళ్లో బైకు వస్తుంది, రావాలి. కానీ గుర్రంతోపాటు తాత నోట్లోని విద్య కూడా పోవాల్సిన పనిలేదు.

అందుకే యువతీ యువకులను అడుగుతున్నాను. మీ ఊళ్లో తట్టు ఉంటే దాని ఎత్తు, రంగు, వయసు, మేత, జబ్బు రాసిపెట్టండి. సాకే మనిషి మాటను ఆయన భాషలోనే రాయండి. పశువైద్యుడు గుర్రానికి కూడా ధనుర్వాతం టీకా తేవాలని గ్రామసభలో తీర్మానం పెట్టండి. మేపుకునే హక్కు, మన సంప్రదాయ జ్ఞానం మీద హక్కు కూడా 2006 చట్టంలోనే ఉన్నాయి. రోడ్డు తీర్మానమూ అదే కాగితం మీద రాయండి. రెంటికీ పొత్తు కుదరదని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఉపాధ్యాయులారా, రేపు మీ తరగతిలో అదే ప్రశ్న అడగండి. "రాజుది" అని పిల్లలు అంటే, ఉప్పు మూట మోసిన గుర్రం కథ మొదలుపెట్టండి.